బ్లో-ఆఫ్ వాల్వ్ ఎక్కడ బిగించాలి? ఉత్తరాంధ్ర టర్బో కార్లకు ఒక సమీక్ష

సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కే పెట్రోల్ టర్బో కారులో ప్రతి మలుపు దగ్గరా ఒకే తంతు జరుగుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. థ్రాటిల్ మూసుకుంటుంది. అప్పటిదాకా ఒత్తిడితో ఇంజన్‌లోకి పోతున్న గాలికి దారి మూసుకుపోతుంది. ఆ గాలిని పైపులో ఏ చోట పట్టుకోవాలి, పట్టుకుని ఎటు వదలాలి అన్నదే బ్లో-ఆఫ్ వాల్వ్ చుట్టూ నడిచే వాదమంతా.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఈ వాదం కొత్తది. చాలా ఏళ్లపాటు ఇక్కడ టర్బో అంటే డీజిలే. సాలూరు లారీలూ, ఊళ్ల మీద తిరిగే బొలెరోలూ, పెళ్లిళ్లకు కట్టే ఇన్నోవాలూ, టాక్సీ స్విఫ్ట్‌లూ అన్నీ డీజిల్ టర్బోలే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మారుతి సుజుకి డీజిల్ కార్లు మానేసింది, చిన్న డీజిల్ ఇంజన్లు చాలావరకు వెనక్కి తగ్గాయి. ఆ చోటును చిన్న పెట్రోల్ టర్బోలు ఆక్రమించాయి. 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, మహీంద్రా ఎక్స్‌యూవీ300, 2020లో మన రాష్ట్రంలోనే పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైన కియా సోనెట్, అదే ఏడాది ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ, 2023లో మారుతి ఫ్రాంక్స్ బూస్టర్‌జెట్ వచ్చాయి. వీటితోపాటే గేరు మార్చినప్పుడల్లా ‘ఫిష్’ మనే శబ్దం కావాలనే కోరికా, దానికోసం వాల్వ్ ఎక్కడ బిగించాలనే ప్రశ్నా మన గ్యారేజీల్లోకి వచ్చాయి.

ఈ విషయంలో ఒకదానికొకటి పొసగని సలహాలు తిరుగుతున్నాయి. థ్రాటిల్ పక్కనే ఉండాలని ఒకరంటారు, టర్బో మీదే ఉండాలని మరొకరు, ఎక్కడైనా ఒకటేనని ఇంకొకరు. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే చోటు ప్రశ్న మూడోది. ఈ ఇంజన్‌కు ఆ వాల్వ్ అవసరమా అన్నది మొదటిది. ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, గాలిని ఎక్కడ కొలుస్తోంది అన్నది రెండోది. ఈ రెండూ తేలాక చోటు గురించి తేల్చుకోవడానికి మిగిలేది చాలా తక్కువ.

వాల్వ్ చేసే పని

చిన్న పెట్రోల్ టర్బోలో కంప్రెసర్ చక్రం నిమిషానికి 2 లక్షల చుట్లకు పైగా తిరగగలదు. థ్రాటిల్ ఒక్కసారిగా మూసుకున్నా ఆ చక్రం వెంటనే ఆగదు, గాలిని నెడుతూనే ఉంటుంది. పొలంలో మోటారు నడుస్తుండగా గేటువాల్వ్ ఒక్కసారి కట్టేస్తే పైపు ఎలా అదురుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. ఒత్తిడి అల థ్రాటిల్ రేకు దగ్గర పుట్టి, పైపు వెంట వెనక్కి వచ్చి కంప్రెసర్ రెక్కలను తాకుతుంది. గాలి ఒక క్షణం వెనక్కి, ఒక క్షణం ముందుకి ఊగుతుంది. దీన్నే సర్జ్ అంటారు. పావురం రెక్కలు కొట్టినట్టు వినిపించే చప్పుడు దీనిదే. పదే పదే జరిగితే టర్బో షాఫ్టును పక్కలకు తోసే బలం బేరింగుల మీద పడుతుంది. పైగా చక్రం వేగం పడిపోతుంది, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, రావడం ఆలస్యమవుతుంది.

వాల్వ్ నిర్మాణం సులువే. లోపల డయాఫ్రం లేదా పిస్టన్, దానిపైన స్ప్రింగు ఉంటాయి. థ్రాటిల్ తర్వాతి భాగం, అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, నుంచి ఒక సన్నటి రబ్బరు పైపు వచ్చి వాల్వ్ తలకు చేరుతుంది. థ్రాటిల్ మూసుకోగానే మ్యానిఫోల్డ్‌లో శూన్యం ఏర్పడి డయాఫ్రమ్‌ను పైకి లాగుతుంది. వాల్వ్ తెరుచుకుని గాలిని వదులుతుంది. ఆ గాలిని బయటికి వదిలితే అది శబ్దం చేసే బ్లో-ఆఫ్ వాల్వ్. టర్బో ముందున్న పైపులోకి తిరిగి పంపితే రీసర్క్యులేషన్ వాల్వ్, లేదా డైవర్టర్. కొత్త కార్లు చాలావాటిలో ఈ పనిని కంప్యూటర్ ఆదేశంతో నడిచే విద్యుత్ వాల్వ్ చేస్తోంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కంపెనీ నుంచి వచ్చిన పెట్రోల్ టర్బో కారులో సర్జ్‌ను ఆపే ఏర్పాటు ముందే ఉంటుంది. కొత్తగా కొనే వాల్వ్ చాలాసార్లు లేని రక్షణను తేదు. ఉన్న రక్షణ స్థానంలో శబ్దాన్ని తెస్తుంది.

డీజిల్ కార్ల సంగతి

మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు తేల్చవలసింది ఇదే. పెట్రోల్ ఇంజన్‌లో శక్తిని తగ్గించేది గాలిని ఆపి. డీజిల్ ఇంజన్‌లో శక్తిని తగ్గించేది ఇంధనాన్ని తగ్గించి. డీజిల్ డ్రైవరు యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ గాలిని పూర్తిగా పీల్చుకుంటూనే ఉంటుంది. దారి మూసుకోదు కాబట్టి అల వెనక్కి తిరగదు. ఆధునిక డీజిళ్లలో ఒక రేకు ఉంటుంది నిజమే. అది ఎగ్జాస్ట్ వాయువును కొంత ఇంజన్‌లోకి తిరిగి పంపే ఈజీఆర్ కోసం, పొగ ఫిల్టరును శుభ్రం చేసుకోవడం కోసం, ఇంజన్ ఆపేటప్పుడు కుదుపు లేకుండా ఉండడం కోసం పెట్టింది. పెట్రోల్ థ్రాటిల్ మూసుకున్నట్టు అది కాలు తీసినప్పుడల్లా మూసుకోదు.

అందువల్ల బొలెరోకో డీజిల్ స్కార్పియోకో పాత స్విఫ్ట్ డీజిల్‌కో బ్లో-ఆఫ్ వాల్వ్ అవసరం లేదు. డీజిల్‌కోసమని అమ్మే కిట్లు పెడల్ దగ్గర ఒక స్విచ్ పెట్టి, కాలు తీసినప్పుడు విద్యుత్‌తో వాల్వ్ తెరుస్తాయి. అవి కేవలం శబ్దం కోసం. బదులుగా బూస్ట్ పైపులో ఒక కొత్త అతుకు వస్తుంది. ఆ అతుకు కాస్త లీకయినా ఇంజన్‌కు గాలి తగ్గుతుంది, నల్ల పొగ వస్తుంది, ఘాట్‌లో బండి లాగదు. సాలూరు ఘాట్ ఎక్కే బండికి ఇంతకంటే నష్టం కలిగించే అలంకరణ మరొకటి ఉండదు. డీజిల్ విషయంలో వాల్వ్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: ఎక్కడా వద్దు.

మూడు చోట్లు, మూడు వాదాలు

పెట్రోల్ కారులో టర్బో నుంచి థ్రాటిల్ దాకా గాలి ప్రయాణంలో వాల్వ్‌కు మూడు చోట్లున్నాయి: టర్బో కంప్రెసర్ గూటి మీద, టర్బోకూ, నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కూ మధ్యనున్న వేడి పైపు మీద, ఇంటర్‌కూలర్‌కూ థ్రాటిల్‌కూ మధ్యనున్న చల్ల పైపు మీద.

థ్రాటిల్ దగ్గరి చల్ల పైపును సమర్థించేవారి వాదం బలమైనదే. అల పుట్టేది థ్రాటిల్ దగ్గర కాబట్టి పుట్టినచోటే దాన్ని విడిచిపెట్టాలంటారు. గాలి ముందుకే సాగుతుంది, ఇంటర్‌కూలర్ గుండా వెనక్కి రానక్కర్లేదు. మ్యానిఫోల్డ్ పక్కనే ఉంటుంది కనుక వాల్వ్‌కు వెళ్లే రబ్బరు పైపు పొట్టిగా ఉంటుంది. పెద్ద ఇంటర్‌కూలర్‌ను బంపరు వెనక పెట్టి, పొడవాటి పైపులు వేసి, బూస్ట్ పెంచిన కార్లలో ఇది సరైన చోటు. అక్కడ పైపుల్లో నిలిచే గాలి పరిమాణం ఎక్కువ, వాల్వ్ దూరంగా ఉంటే ఆ గాలంతా వెనక్కి నడవాలి.

టర్బో దగ్గరే ఉండాలనేవారు కాపాడవలసింది కంప్రెసర్‌నని గుర్తుచేస్తారు. దాని పక్కనే తలుపు ఉంటే అల రెక్కలను తాకకముందే బయటపడుతుంది. తిరుగు పైపు అంగుళాల పొడవుంటే చాలు. ఫ్యాక్టరీలు కంప్రెసర్ గూటిలోనే వాల్వ్‌ను అమర్చడం ఎక్కువగా ఇందుకే: అతుకులు తక్కువ, చోటు కలిసివస్తుంది, లీకయ్యే అవకాశం తగ్గుతుంది. వేడి గురించి కూడా వీరికో మాటుంది. మన వేసవిలో 35 డిగ్రీల గాలిని కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే ఆ గాలి దాదాపు 130 డిగ్రీలకు చేరుతుంది. పారేసేది ఆ వేడి గాలినే అయితే, కష్టపడి చల్లార్చిన గాలిని పారేయనవసరం లేదంటారు. దీనికి ఎదురుగా ఒక లోపముంది. పెట్రోల్ టర్బోలో ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీలు దాటవచ్చు. ఆ సెగ పక్కన రబ్బరు డయాఫ్రం ఎక్కువకాలం మన్నదు. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబపు పాత 2.0 లీటర్ టీఎఫ్‌ఎస్‌ఐ ఇంజన్లలో టర్బో మీదున్న డయాఫ్రం చిరిగి బూస్ట్ పడిపోవడం అందరికీ తెలిసిన జబ్బే.

ఎక్కడైనా ఒకటేననేవారి పక్షాన లెక్క నిలుస్తుంది. వెచ్చని గాలిలో ఒత్తిడి అల సెకనుకు సుమారు 360 మీటర్లు పోతుంది. చిన్న కారులో టర్బో నుంచి థ్రాటిల్ దాకా పైపు, ఇంటర్‌కూలర్ కలిపి 2 మీటర్లనుకుంటే అలకు పట్టేది 6 మిల్లీసెకన్ల లోపే. వాల్వ్‌ను 1 మీటరు ఇటో అటో జరిపితే తేడా 3 మిల్లీసెకన్లు. రబ్బరు పైపులో శూన్యం చేరి, స్ప్రింగు బలాన్ని జయించి, వాల్వ్ తెరుచుకోవడానికి పట్టే సమయం అంతకంటే చాలా ఎక్కువ. పొడవాటి, మెత్తబడిన రబ్బరు పైపూ, మరీ గట్టి స్ప్రింగూ కలిసి, సరైన చోట పెట్టిన వాల్వ్ లాభాన్నంతా తినేస్తాయి. ఒక లీటరు, 1.2 లీటర్ల ఇంజన్ల మామూలు బూస్ట్‌లో చోటు తేడాను డ్రైవరు గుర్తుపట్టలేడు.

కొన్ని కార్లలో ఈ చర్చకే తావుండదు. పోలో 1.0 టీఎస్‌ఐ, కుషాక్, టైగన్, స్లావియా, వర్టస్‌లలో ఉన్న 1.0 లీటర్ ఇంజన్‌కు నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోనే ఒదిగి ఉంటుంది. థ్రాటిల్ దానికి ముందు వస్తుంది. అంటే ఇంటర్‌కూలర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య చల్ల పైపు అనేదే లేదు. టర్బో నుంచి థ్రాటిల్ దాకా ఉన్నది ఒకే పొట్టి పైపు. వేరే కారును చూసి చెప్పిన ‘చల్ల పైపు మీద పెట్టు’ అనే సలహా ఇక్కడ అర్థం లేనిది.

గాలిని ఎక్కడ కొలుస్తున్నారు?

చోటు విషయంలో అసలు తీర్పు చెప్పేది సెన్సరే. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు పెట్టె తర్వాతి పైపు చూడండి. అక్కడ కనెక్టరు ఉన్న మ్యాఫ్ సెన్సర్ ఉంటే, కంప్యూటర్ టర్బోకు ముందే గాలిని తూచి, దానికి సరిపడా పెట్రోలు పోస్తోందన్నమాట. 2004లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బో ఇలాంటిదే. ఇలాంటి కారులో తూచిన గాలిని బయటికి వదిలేస్తే, లేని గాలికి పెట్రోలు పడుతుంది. గేరు మార్చినప్పుడు తడబాటు, నల్ల మసి, స్పార్క్ ప్లగ్గుల మీద పేరుకునే కార్బన్, కాలక్రమంలో క్యాటలిటిక్ కన్వర్టర్‌కు దెబ్బ, అన్నీ వరసగా వస్తాయి. వాల్వ్‌ను చల్ల పైపు మీద పెట్టినా వేడి పైపు మీద పెట్టినా ఈ తప్పు పోదు. గాలిని సెన్సర్ తర్వాత, టర్బోకు ముందు ఉన్న పైపులోకి తిరిగి పంపాల్సిందే. తిరుగు పైపు కూడా సెన్సర్‌కు కాస్త దూరంగా, టర్బో వైపుకు వాలుగా కలవాలి. ఎదురుగా కలిపితే ఆ గాలి సెన్సర్‌నే తప్పు దోవ పట్టిస్తుంది.

కొందరు బూస్ట్ పెంచినప్పుడు మ్యాఫ్ సెన్సర్‌ను టర్బో తర్వాత, థ్రాటిల్ దగ్గరికి తెస్తారు. అప్పుడు నియమం తిరగబడుతుంది: వాల్వ్ సెన్సర్‌కు ముందుండాలి. అలా ఉంటే పారేసే గాలి లెక్కలోకి రాదు.

మ్యాఫ్ లేకుండా, మ్యానిఫోల్డ్ ఒత్తిడిని చూసి లెక్కకట్టే మ్యాప్ సెన్సర్ కార్లలో బయటికి వదిలినా పెట్రోలు లెక్క అంతగా తప్పదు. పైన చెప్పిన 1.0 టీఎస్‌ఐ ఈ తరహాదే. అలాగని అంతా సవ్యమని కాదు. బూస్ట్‌లో ఉన్నప్పుడు క్రాంక్‌కేసు ఆవిరి టర్బో ముందు పైపులో కలుస్తుంది. బయటికి వదిలే ప్రతి గాలి పొంగుతోపాటు కాస్త ఆయిల్ తుంపరా బయటికి పోతుంది. కంపెనీ విద్యుత్ వాల్వ్‌ను విప్పేస్తే కంప్యూటర్‌లో లోపం నమోదై చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది.

మన ఎండ, దుమ్ము, ఉప్పుగాలి

ఎక్కడో చల్లని దేశంలో రాసిన సలహా శ్రీకాకుళానికి యథాతథంగా పనికిరాదు. ఇక్కడ వాల్వ్‌కు మూడు శత్రువులున్నాయి.

మొదటిది దుమ్ము. జాతీయ రహదారి దిగి పలాస జీడి తోటల మధ్య ఎర్రమట్టి దారుల్లోకో, చీపురుపల్లి, గరివిడి ప్రాంతపు మాంగనీసు లారీల వెనకకో వెళ్లే కారు సంగతి ఆలోచించండి. బయటికి వదిలే వాల్వ్‌లో స్ప్రింగు మెత్తనిదైతే, ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ శూన్యానికి ఆ వాల్వ్ తెరిచే ఉంటుంది. అప్పుడు ఫిల్టరు దాటని గాలి ఆ నోటి గుండా లోపలికి రావచ్చు. ఆయిల్ తుంపర పట్టిన సీటు మీద దుమ్ము అంటుకుని వాల్వ్ సరిగా మూసుకోదు. రీసర్క్యులేషన్ వాల్వ్‌కు ఈ బాధ లేదు, అది తెరిచి ఉన్నా లోపల తిరిగేది ఫిల్టరయిన గాలే.

రెండోది నీరు. బంపరు వెనక, చక్రం గుంతకు దగ్గరగా, ఇంటర్‌కూలర్ కింది మూలలో వాల్వ్ పెట్టడం సులువు. కానీ వానాకాలంలో వంశధార, నాగావళి పొంగి రోడ్లెక్కే ఊళ్లలో, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతంలో, ఆ మూల బురదనీళ్ల పాలవుతుంది. వాల్వ్ ఎత్తులో ఉండాలి, నోరు కిందికి గానీ వెనక్కి గానీ చూడాలి.

మూడోది ఉప్పుగాలి. కళింగపట్నం, బారువ, భావనపాడు తీరంలో ఉండే కార్ల క్లాంపులు తుప్పుపట్టి పట్టు వదులుతాయి. అల్యూమినియం పైపు మీద మామూలు ఇనుప బోల్టు వేస్తే ఆ అతుకు మరీ త్వరగా తుప్పుపడుతుంది. స్టెయిన్‌లెస్ క్లాంపులు, సిలికాన్ హోసులు వాడడం ఇక్కడ ఆడంబరం కాదు.

ప్రయాణపు తీరు కూడా లెక్కలోకి వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒకే వేగంతో పోయే కారులో వాల్వ్‌కు పెద్దగా పనుండదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్‌లోనూ, 26వ నంబరు రహదారి మీద సాలూరు నుంచి సుంకి దాకానూ అది నిమిషానికి పలుమార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఘాట్ కోసం కారు సిద్ధం చేసుకునేవారు చూడవలసింది శబ్దాన్ని కాదు. వాల్వ్ గట్టిగా మూసుకుంటోందా, దాని రబ్బరు పైపు పగుళ్లు లేకుండా ఉందా అన్నవే.

బిగించే పద్ధతి

పైపుల అమరిక మార్చిన కారులో వాల్వ్ తప్పనిసరి అయితే కొన్ని నియమాలు ఏ చోటుకైనా వర్తిస్తాయి. రబ్బరు పైపు మ్యానిఫోల్డ్ నుంచి నేరుగా రావాలి. బ్రేక్ బూస్టర్ పైపుతోగానీ మరో దానితోగానీ పంచుకోకూడదు. అల్యూమినియం పైపుకు ఫ్లాంజ్ అతకాలంటే ఆర్గాన్ వెల్డింగే చేయించాలి. వెల్డింగ్ చేసిన గొట్టం లోపలికి పొడుచుకురాకూడదు. వస్తే గాలి దారికి అడ్డమవుతుంది. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ పైపుకు రంధ్రం చేసి ఎపాక్సీతో అతికించే పని ఎప్పుడూ చేయకూడదు. వేడికీ ఒత్తిడికీ ఆ అతుకు ఘాట్ మధ్యలోనే ఊడుతుంది. బిగించాక పైపులో గ్యారేజీ కంప్రెసర్ గాలి తక్కువ ఒత్తిడితో నింపి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోసి చూస్తే లీకు కళ్లకే కనిపిస్తుంది.

చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 వాహనాన్ని కంపెనీ ప్రమాణాలకు భిన్నంగా మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనధికార మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే సెక్షన్ 190 కింద 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. వారంటీ, బీమా చిక్కులు వీటికి అదనం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ప్రతి గేరుకూ చెవులు అదిరేలా గాలి వదలడం పక్కవాడికి ఇబ్బంది, చట్టానికి విరుద్ధం కూడా.

తేలినది

డీజిల్ కారుకు వాల్వ్ వద్దు. మార్పులు చేయని పెట్రోల్ టర్బోకు కంపెనీ పెట్టిన చోటే సరైన చోటు. ఏళ్లు గడిచి బూస్ట్ తగ్గితే పాత వాల్వ్ స్థానంలో అదే తరహా కొత్తది వేయించుకోవాలి. పెద్ద ఇంటర్‌కూలర్ వేసి రేసు ట్రాకు కోసం కట్టిన కారులో వాల్వ్‌ను థ్రాటిల్ దగ్గర చల్ల పైపు మీద, ఎత్తులో, చక్రాల నీటికి దూరంగా పెట్టాలి. గాలిని టర్బో ముందుకు తిరిగి పంపాలి. మ్యాఫ్ సెన్సర్ ఎక్కడుందన్నది ఈ నియమాన్ని కూడా మార్చగలదు కాబట్టి స్పానర్ పట్టకముందు దాన్ని చూసుకోవాలి.

ఈ చర్చను మన నేల మీదే ముందుకు తీసుకెళ్లే అవకాశం మనకుంది. రాజాం జీఎంఆర్‌ఐటీలో, టెక్కలి ఆదిత్యలో, విజయనగరం ఎంవీజీఆర్‌లో మెకానికల్ చదివే విద్యార్థులున్నారు, చేరువలోనే ఘాట్ రోడ్లున్నాయి. ఒక కారులో ఇంటర్‌కూలర్‌కు ముందొక ప్రెషర్ సెన్సర్, థ్రాటిల్ దగ్గర మరొకటి పెట్టి, కాలు తీసిన క్షణం నుంచి రెండు చోట్లా ఒత్తిడి ఎలా పడుతుందో నమోదు చేయడం చివరి ఏడాది ప్రాజెక్టుకు తగిన పని. అలా గీసిన ఒక్క గ్రాఫు గ్యారేజీ గోడ మీద ఉంటే, డబ్బు పోసి శబ్దం కొనుక్కోబోయే కుర్రాడికి మెకానిక్ చూపించి చెప్పగలడు. మనకు కావలసింది అలాంటి కొలతే.